ఏప్రిల్ ఎండల్లో థాయిలాండ్ టూర్

ప్రశ్న: పిల్లల సెలవులకి ఏప్రిల్‌లో బ్యాంకాక్ వెళ్తున్నామండీ, అమ్మ కూడా వస్తోంది, ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: అక్కడ బాగా ఎండలు కాసేది ఏప్రిల్‌లోనేనండీ, పైగా ఉక్కపోత, అందుకే గ్రాండ్ ప్యాలెస్ లాంటివి పొద్దున్నే చూసేసి మధ్యాహ్నం రూమ్‌లోనే ఉండండి. భుజాలు, మోకాళ్లు కప్పే కాటన్ బట్టలే వేసుకోండి, షార్ట్స్ వేసుకుంటే లోపలికి రానివ్వరు. కుళాయి నీళ్లు వద్దు, సీసా నీళ్లే తాగండి. అమ్మగారి భోజనం దగ్గరే అసలు జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఉత్త కూరగాయల వేపుడులో కూడా ఫిష్ సాస్ పోసేస్తారు, అందుకని 'జే' అని అడగండి, అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు, వెల్లుల్లి ఏవీ లేకుండా చేసేది, పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే అక్కడ దొరుకుతుంది. 13 నుంచి 15 దాకా సాంగ్‌క్రాన్ పండగ, రోడ్డు మీద ఎవర్నీ వదలకుండా నీళ్లు పోస్తారు, ఫోన్లు, పాస్‌పోర్టులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి.