మాంచెస్టర్‌లో ఫ్లాట్ కొనబోతున్న పెద్దోడికి

చిరంజీవి పెద్దోడికి,

సాల్ఫర్డ్ కీస్‌లో చూసిన ఫ్లాటు మీ ఇద్దరికీ నచ్చిందన్నావు, సంతోషం. ఆఫర్ పెట్టకముందే ఇది చదువు.

మన హైదరాబాద్‌లో ఫ్లాటు కొంటే, స్థలంలో నీ అవిభాజ్య వాటా ఎన్ని గజాలో దస్తావేజులోనే రాస్తారు. ఇంగ్లండ్ లీజ్‌హోల్డ్ ఫ్లాటుకి, అంటే ఇన్నేళ్లకని లీజు మీద వచ్చే ఫ్లాటుకి, ఆ గజాలు ఉండవు. నేల ఫ్రీహోల్డర్‌ది, అంటే అసలు యజమానిది, నువ్వు కొనేది లీజులో మిగిలిన ఏళ్లని. ప్రకటనలో 82 ఏళ్లని ఉంది కదా, ఐదేళ్ల ఫిక్స్‌డ్ మార్ట్‌గేజ్ ముగిసేసరికి అది 77 అవుతుంది. 80 కిందికి దిగాక లీజు పొడిగించుకోవాలంటే ‘మ్యారేజ్ వాల్యూ’ కూడా పడుతుంది, అంటే పొడిగింపు వల్ల పెరిగే విలువలో సగం. 2024 చట్టంలో దీన్ని ఎత్తేశారు గానీ, ఆ సెక్షన్ అమల్లోకి వచ్చిందో లేదో సాలిసిటర్‌తో, అంటే కొనుగోలు పత్రాలు చూసే వకీలుతో, రాయించుకో. వస్తుందిలే అన్న ఆశతో మాత్రం కొనకు. కొన్నాక రెండేళ్లు ఆగాలన్న నిబంధన 2025 జనవరి 31న పోయింది. ల్యాండ్ రిజిస్ట్రీలో నీ పేరు ఎక్కగానే పొడిగింపు నోటీసు ఇచ్చెయ్యి. ఆ ఖర్చు ఎంతవుతుందో ముందే లెక్క కట్టించి ధరలో తగ్గించమని అడుగు.

గ్రౌండ్ రెంట్, అంటే నేలకి ఏటా కట్టే అద్దె, 2022 జూన్ 30 నుంచి రాసిన కొత్త లీజులకు లేదు. పాత లీజులో పదేళ్లకోసారి రెట్టింపయ్యే షరతు కనిపిస్తే ఆ ఫ్లాటు వదిలెయ్. ఇవాళ్టి 250 పౌండ్లు నలభై ఏళ్లకు 4,000 అవుతాయి.

సర్వీస్ చార్జీ, అంటే బిల్డింగ్ నిర్వహణ ఖర్చు, తక్కువని మురిసిపోకు. మూడేళ్ల లెక్కలు, ఈ ఏడాది బడ్జెట్, పెద్ద మరమ్మతులకి దాచే రిజర్వ్ ఫండ్‌లో ఎంతుందో అడుగు. ఇవన్నీ అమ్మేవాళ్ల తరఫు నుంచి వచ్చే ఎల్‌పీఈ1 అనే సమాచార ఫారంలో వస్తాయి. ఫండ్ ఖాళీగా ఉంటే లిఫ్టు మార్చిన ఏడాది బిల్లంతా ఒక్కసారే ఇంటికొస్తుంది. ఒక్కో ఫ్లాటుకి 250 పౌండ్లు దాటే పనైతే ముందుగా సెక్షన్ 20 అనే నోటీసు ఇస్తారు. ఇప్పటికే ఇచ్చినవి ఏమైనా ఉన్నాయేమో తప్పక కనుక్కో.

2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మందిని బలిగొన్న మంట బయటి క్లాడింగ్ (గోడల తొడుగు) మీదుగానే పాకింది. అందుకే బిల్డింగ్‌కి బయటి గోడల అగ్ని భద్రత తనిఖీ చేసి ఇచ్చే ఈడబ్ల్యూఎస్1 ఫారం ఉందా అని అడుగు. అందులో ‘బీ2’ అని ఉంటే గోడలకు మరమ్మతు కావాలని అర్థం. అమ్మేవాళ్ల దగ్గర లీజ్‌హోల్డర్ డీడ్ ఆఫ్ సర్టిఫికెట్ కూడా తీసుకో. 2022 ఫిబ్రవరి 14 నాటికి ఆ ఫ్లాటు ఎవరిదో, ఇలాంటి మరమ్మతు ఖర్చుల నుంచి చట్టం ఇచ్చే రక్షణ నీకు దక్కుతుందో లేదో అది తేలుస్తుంది.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది స్టాంప్ డ్యూటీ దగ్గర. కోడలి పేరున కూకట్‌పల్లిలో ఉన్న ఫ్లాటు కూడా లెక్కలోకి వస్తుంది. ప్రపంచంలో ఎక్కడున్నా సరే, విలువ 40,000 పౌండ్లు గానీ అంతకు మించి గానీ ఉంటే అది సొంతిల్లే. మీరు దంపతులు కాబట్టి నీ ఒక్కడి పేరున కొన్నా తప్పదు. 2,20,000 పౌండ్ల ఫ్లాటుకి మొదటిసారి కొనేవాళ్లు కట్టేది సున్నా, మామూలుగా అయితే 1,900. నీకు మాత్రం రెండో ఇంటికి వేసే అదనపు ఐదు శాతం కలిపి 12,900 పడుతుంది. ఇది మార్ట్‌గేజ్‌లో కలవదు, రొక్కం చేతిలో ఉండాలి. ఊళ్లో ఫ్లాటు సంగతి సాలిసిటర్ దగ్గర దాచకు.

శనివారం మళ్లీ చూడ్డానికి వెళ్తారుగా. బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఒక పొర టిష్యూ దాని మీద పెట్టు. అతుక్కుని నిలవాలి. జారిపోతే ఆవిరి బయటికి పోవడం లేదు, గోడలకు బూజు ఖాయం. పడగ్గదిలో బయటిగోడ మూలనున్న బీరువాని అమ్మేవాళ్లను అడిగి కాస్త జరిపించి వెనక నల్ల చుక్కలున్నాయేమో చూడు. కొత్తగా రంగేసిన మూల కనిపిస్తే ఇంకా జాగ్రత్తగా చూడు. పొయ్యి మీది హుడ్‌కి బయటికి గొట్టం ఉందా, బొగ్గు ఫిల్టర్ మీదుగా గాలి మళ్లీ గదిలోకే వదులుతోందా అన్నదీ చూడండి. వంటిల్లు, హాలు కలిసున్న ఫ్లాటులో మన తాలింపు వాసన సోఫాకి పడుతుంది.

కింద పార్కింగ్ చూపిస్తారు. అది లీజు ప్లాన్‌లో రంగు గీసిన హద్దులో లేకపోతే నీది కాదు.

ఆశీస్సులతో,
మీ బాబాయి