3200 స్పీడు నలుపు-తెలుపు ఫిల్ముకు ఇంకా గిరాకీ ఉందా?

డిజిటల్ కెమెరాలు మసక వెలుతురులో కూడా శుభ్రంగా ఫొటోలు తీస్తున్న ఈ రోజుల్లో 3200 స్పీడు నలుపు-తెలుపు ఫిల్మును ఎవరు కొంటున్నారు, కంపెనీలు ఇంకా ఎందుకు తయారు చేస్తున్నాయి అని అడిగారు. స్పీడు అంటే ఫిల్ము వెలుతురుకు ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె; అంకె పెద్దదయ్యే కొద్దీ తక్కువ వెలుతురు చాలు. కొనేవాళ్లు ఉన్నారు. నేనూ కొంటాను. కాకపోతే ఫిల్ముతో తీసే మా గుంపులో ఆర్భాటం ఎక్కువ, కొనుగోలు తక్కువ.

2012లో కోడాక్ తన 3200 ఫిల్ము టీ-మ్యాక్స్ పి3200ను ఆపేసినప్పుడు కొంపలు మునిగినట్టు గగ్గోలు పెట్టినవాళ్లలో సగం మంది ఆ ఫిల్మును ఏళ్ల తరబడి ముట్టుకుని ఉండరని నా గట్టి నమ్మకం. రుజువు కావాలంటే నా స్నేహితులనే వరుసగా నిలబెట్టి చూపిస్తాను. 2018లో అది మళ్లీ బజారులోకి వచ్చింది, అదీ మామూలు చిన్న రోలు 35 ఎంఎంలో మాత్రమే. అందరూ పండగ చేసుకున్నారు, ఫొటో పెట్టారు, పెట్టెను బీరువాలో దాచారు. ఫ్యూజీ వాళ్ల నియోపాన్ 1600కు ఆ అదృష్టం కూడా పట్టలేదు. పోయింది, పోయినట్టే ఉంది.

దాచుకోవడమే అసలు జబ్బు. నెమ్మది ఫిల్మును ఫ్రిజ్‌లో పెట్టి మరచిపోయినా పెద్దగా నష్టం ఉండదు. వేగం ఎక్కువున్న ఫిల్ము అలా ఊరుకోదు. చీకట్లోని కాస్త వెలుతురును పట్టుకోవడానికి దాని స్ఫటికాలను అంత సున్నితంగా తయారు చేశారు కాబట్టి, ప్రకృతిలో సహజంగా ఉండే రేడియేషన్ కూడా దాని మీద కొద్దికొద్దిగా ముద్ర వేస్తూనే ఉంటుంది. చల్లదనం రసాయనిక మార్పును నెమ్మది చేస్తుంది గానీ అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలను ఆపలేదు. మూడు నాలుగేళ్లు దాచిన రోలును డెవలప్ చేస్తే నీడలన్నీ బూడిద రంగు మసకలో కలిసిపోతాయి. ఇప్పుడు తయారీదారు వైపు నుంచి చూడండి. ఫిల్మును కేకులా చిన్న ముక్క చేసి అమ్మడం కుదరదు. వెడల్పాటి పెద్ద చుట్ట మీద ఒకేసారి పూత పూయాలి, ఆ తరువాతే కోసి రోళ్లుగా చుట్టాలి. అంత సరుకు గడువు తీరేలోపు అమ్ముడుపోవాలి. పైగా గడువు మిగతా ఫిల్ముల కంటే ముందే ముంచుకొస్తుంది. అందుకే గిరాకీ కాస్త తగ్గగానే ముందు వేటు పడేది వీటి మీదే.

400 ఫిల్మునే 1600 దాకా పుష్ చేస్తే, అంటే 1600 ఫిల్ము అనుకుని తీసి ఎక్కువసేపు డెవలప్ చేస్తే సరిపోతుంది కదా, ఇదంతా ఎందుకు అంటారు చాలామంది. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక నాటక బృందం వాళ్ల రిహార్సల్స్ ఫొటోలు తీయమని నన్నూ, నా మిత్రుడినీ పిలిచింది. దర్శకుడి షరతు ఒక్కటే: ఫ్లాష్ వెలగకూడదు. గ్రీన్‌రూమ్‌లో అద్దం పక్కన ఒక్క బల్బు ఉంది. వయసు మళ్లిన నటుడొకాయన నల్లకోటు వేసుకుని, అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చుని కనుబొమలు దిద్దుకుంటున్నారు. వెలుతురు కొలిచే మీటరు చూస్తే, లెన్సును బాగా వెడల్పుగా, ఎఫ్2 దాకా తెరిచినా 1600కు షట్టరు 1/60 సెకను వస్తోంది. అదే 400 అయితే 1/15. కెమెరాను ఎంత కదలకుండా పట్టుకున్నా, 1/15లో ఆయన చేతిలోని కుంచె ఆగదు కదా! అందుకని మిత్రుడు 400 ఫిల్మునే 1600గా లెక్కవేసి తీశాడు, డెవలపింగ్ సమయం పెంచాడు. నా కెమెరాలో ఇల్ఫర్డ్ డెల్టా 3200 ఉంది. నేనూ 1600కే తీశాను.

నెగటివ్‌లు ఆరాక రెండింటినీ లైటు బల్ల మీద పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాం. ముఖం రెండింటిలోనూ బాగుంది. మిత్రుడి నెగటివ్‌లో కోటు ఉండాల్సిన చోట ఫిల్ము అద్దంలా పారదర్శకంగా ఉంది, అంటే ప్రింటులో గంపెడు నలుపు తప్ప ఇంకేమీ రాదు. నా దాంట్లో కోటు మడతలు, మోచేతి దగ్గర అరిగిపోయిన గుడ్డ, వెనక కొక్కేలకు వేలాడుతున్న దుస్తుల అంచులు సన్నగా కనిపించాయి. నిజమే, గ్రెయిన్, అంటే ఫిల్ము మీద కనిపించే రేణువులు, నాదాంట్లో ఎక్కువ. ప్రింటు కోసం నెగటివ్‌ను పెద్దది చేసే ఎన్‌లార్జర్ కింద ఫోకస్ చూస్తున్నప్పుడు ఆయన చెంప మీద గుప్పెడు ఇసుక చల్లినట్టే ఉంది. కానీ ఆ ఇసుకలో మనిషి మొత్తం ఉన్నాడు.

కారణం మాయ కాదు. పుష్ చేస్తే కాంట్రాస్టు, అంటే నలుపు తెలుపుల మధ్య తేడా, పెరుగుతుంది, నెగటివ్‌లో వెలుతురు పడిన భాగాలు చిక్కబడతాయి. వెలుతురే తగలని నీడలో డెవలపర్ రసాయనం ఏం చేయగలదు? డెల్టా 3200 అసలు వేగం ఇల్ఫర్డ్ లెక్క ప్రకారమే ఐఎస్ఓ (ప్రామాణిక స్పీడు) 1000. పి3200దీ డెవలపర్‌ను బట్టి 800, 1000 మధ్యే. పెట్టె మీది 3200 అక్కడిదాకా లాగవచ్చని చెప్పే అంకె, అంతే. అయినా 400తో పోలిస్తే ఒక స్టాప్‌కు, అంటే వేగం రెట్టింపుకు, మించి లాభం. ఆ ఒక్క స్టాప్‌లోనే నల్లకోటు ఉంది.

ల్యాబ్‌ల సంగతి ఎత్తితే మళ్లీ కోపం వస్తుంది. ఒకసారి ఒక ల్యాబ్‌కు ఇలాంటి రోలు ఇచ్చి, ఏ స్పీడుకు తీశానో పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాశాను. వాళ్లు చూడనే లేదు. మిగతా రోళ్లతో కలిపి ఒకే ట్యాంకులో ముంచి ఇచ్చారు, నెగటివ్ పల్చటి ఉల్లిపొరలా వచ్చింది. అప్పటి నుంచి ఈ ఫిల్మును ఎవరి చేతికీ ఇవ్వను. 1600కు తీస్తాను, 3200కు చెప్పిన సమయం దాకా డెవలప్ చేస్తాను. మంచి నీడలు, చక్కగా ప్రింటయ్యే నెగటివ్ వస్తుంది.

విమానాశ్రయాలది ఇంకో గొడవ. పాత ఎక్స్‌రే యంత్రాల దగ్గర 800 లోపు ఫిల్ముకు పెద్దగా ప్రమాదం లేదనేవారు. ఇప్పుడొస్తున్న సీటీ స్కానర్లయితే ఏ స్పీడు ఫిల్మునూ వదలవు, 3200 అయితే చెప్పనే అక్కర్లేదు. రోళ్లను పారదర్శకమైన సంచిలో వేసి, చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా అడిగితే కొందరు చేస్తారు. కొందరు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇంకా ఇవి వాడుతున్నారా’ అని నవ్వి యంత్రంలోకే తోస్తారు. ప్రయాణం కోసం ఈ ఫిల్ము కొనాలనుకునేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి. ఇంటి దగ్గర వాడేవాళ్లకు ఈ బెడద లేదు.

ఇంతకీ మీరు కొనాలా అంటే, రాబోయే కొన్ని నెలల్లో తీయగలిగినన్ని రోళ్లే కొనండి. 35 ఎంఎం కంటే వెడల్పాటి 120 రోలు వాడే కెమెరా అయితే ఎంచుకోవడానికేమీ లేదు, డెల్టా ఒక్కటే. 35 ఎంఎం అయితే పి3200 కూడా ఉంది. దాని గ్రెయిన్ కాస్త సన్నం, కాంట్రాస్టు ఎక్కువ. నా ఓటు మాత్రం డెల్టాకే. తీసిన తరువాత స్కాన్ చేసి, సాఫ్ట్‌వేర్‌తో గ్రెయిన్ అంతా తుడిచేసే ఉద్దేశం ఉంటే మాత్రం దయచేసి డిజిటల్ కెమెరాతోనే తీసుకోండి. ఆ రోలు ఇంకెవరికైనా దొరుకుతుంది.