ఆ పిల్ల చేత మాట్లాడించకు

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను. నన్ను పట్టుకున్నది రాజకుమారుడు కాదు, కోట గోడ కింద మురికివాడలో కనిపించే ఆ నీడపిల్ల. ఉన్నది మూడు పేజీలే అయినా కథకి ప్రాణం ఆమే.

కానీ పేదరికం గురించి ఆమె చేత పేజీన్నర మాట్లాడించావు. అది తీసెయ్.

ఇంగ్లీషు రచయిత డికెన్స్ కథ ‘ఎ క్రిస్మస్ కరోల్’లో ఇద్దరు పిల్లలున్నారు. స్క్రూజ్ అనే పిసినారికి కనిపించే క్రిస్మస్ ఆత్మ తన అంగీ మడతల్లోంచి వాళ్ళని బయటికి తీస్తుంది. అబ్బాయి పేరు అజ్ఞానం, అమ్మాయి పేరు లేమి. ఒక్క మాట మాట్లాడరు. పాలిపోయి, చిక్కిపోయి, చింపిరి గుడ్డలతో, తోడేలు పిల్లల్లా ఆ అంగీని పట్టుకుని ఉంటారు. స్క్రూజ్ మర్యాదకి ‘మంచి పిల్లలే’ అనబోతాడు, మాట గొంతులో అడ్డం పడుతుంది. వీళ్ళకి దిక్కు లేదా అని అడుగుతాడు. పేదల కోసం చందా అడగడానికొచ్చిన వాళ్ళతో ముందు స్క్రూజ్ అన్న మాటే ఆత్మ తిరిగి అప్పజెబుతుంది: జైళ్ళు లేవా? నిరుపేదల్ని ఉంచి పనిచేయించే వర్క్‌హౌస్‌లు లేవా?

నీ పిల్లకి అందమైన పెద్ద కళ్ళు పెట్టావు. డికెన్స్ పెట్టలేదు, ఎందుకంటే చూసొచ్చాడు. 1843 సెప్టెంబరులో లండన్ ఫీల్డ్ లేన్‌లో నిరుపేద పిల్లల ఉచిత బడికి వెళ్ళాడు. డిసెంబరు 19న పుస్తకం వచ్చింది. అంతకుముందు అదే ఏడాది పేద పిల్లల తరఫున ఒక కరపత్రం రాద్దామనుకుని, మానుకుని ఈ కథ రాశాడు. పన్నెండేళ్ళప్పుడు, తండ్రి అప్పుల జైల్లో ఉంటే, బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో డబ్బాలకి లేబుళ్ళు అంటించిన మనిషి ఆయన.

ఆ కథలో అందరికీ గుర్తుండేది స్క్రూజ్ గుమాస్తా కొడుకు, కుంటి పిల్లాడు టైనీ టిమ్. నాకు మాత్రం ఈ ఇద్దరే. స్క్రూజ్ మారితే టిమ్ బతుకుతాడు. వీళ్ళని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళరు. గంట పన్నెండు కొట్టాక కథలో మళ్ళీ కనిపించరు. పుస్తకం మూసినా వాళ్ళు వీధిలోనే ఉన్నారనిపిస్తుంది. నీ రాజకుమారుడేమో చివర్లో ఆ పిల్లకి పట్టుబట్టలు కట్టించి కోటలోకి తీసుకెళ్ళాడు. చదివి నా మనసు కుదుటపడింది. అలా కుదుటపడకూడదు తమ్ముడూ.

ఒక పని చెయ్. తెల్లవారుజామున మీ ఊళ్ళో కూలీల అడ్డాకి వెళ్ళు. నోట్‌బుక్ తీసుకెళ్ళకు. ఎవరూ పనికి పిలవని మనిషి పది గంటలకి ఎలా కూర్చుంటాడో, తెచ్చుకున్న అన్నం అప్పుడే తినేస్తాడో, దాచుకుంటాడో చూడు. నీ నీడపిల్ల నిన్న రాత్రి ఏం తిందో, ఎక్కడ పడుకుందో నీకు తెలియాలి. కథలో రాయకపోయినా పర్లేదు.

ఇంకొకటి. మొదటి అధ్యాయంలో గుడిసెలు పీకించేటప్పుడు రాజకుమారుడు ‘ఊరు శుభ్రంగా ఉండాలి’ అంటాడు. ఆ పిల్ల ఎదురైనప్పుడు ఆ మాట ఎవరి నోట రావాలో ఆలోచించు. తిరగరాసి పంపు. ఆలస్యమైనా ఎదురుచూస్తాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య