చేప బరువు లెక్కలో తరుగు ఎందుకొచ్చింది?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర ఊరు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం చెరువులో పట్టిన శీలావతి చేపల పొడవు, బరువు కొలిచాను. గ్రాఫ్ గీస్తే వంపు తిరిగి పైకి లేస్తోంది. రెండింటికీ లాగ్ తీసి సరళరేఖ వెయ్యమన్నారు మా గైడ్. రేఖ చక్కగా కుదిరింది. కానీ దాంతో ఒక్కో చేప బరువూ లెక్కగట్టి కలిపితే, కాటా మీద తూచిన మొత్తం కన్నా తక్కువొస్తోంది. టెన్షన్‌గా ఉంది సార్. తప్పెక్కడ?
– ఒక విద్యార్థిని, ఏలూరు జిల్లా

జవాబు: టెన్షన్ పడకమ్మా. నీ కొలతలు సరిగ్గా ఉన్నా ఈ తరుగు వస్తుంది. ముందు ఆ వంపు సంగతి చూద్దాం.

చేప పొడవు రెట్టింపైతే వెడల్పు, మందం కూడా ఇంచుమించు రెట్టింపవుతాయి. అంటే బరువు ఎనిమిది రెట్లు. లెక్క తేలిక కోసం కొన్ని అంకెలు అనుకుందాం: 10 సెం.మీ. చేప 12 గ్రాములు, 20 సెం.మీ. అయితే 96, 40 సెం.మీ. అయితే 768. పది ఆధారంగా లాగ్ తీస్తే పొడవులు 1, 1.301, 1.602, బరువులు 1.079, 1.982, 2.885. పొడవు వైపు 0.301 జరిగిన ప్రతిసారీ బరువు వైపు 0.903 పెరిగింది. భాగిస్తే 3. అదే నీ రేఖ వాలు.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఆ వాలే, ఎందుకంటే దానికి ఒంటితీరుతో సంబంధం ఉంది. 3 దాటితే చేప పెరిగేకొద్దీ ఒళ్లు చేస్తోందని, తగ్గితే సన్నబడుతోందని అర్థం. ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సు పెర్చ్ చేపల మీద లే క్రెన్ అనే శాస్త్రవేత్త 1951లో ప్రచురించిన పరిశోధనను ఈ రంగంలో ఇప్పటికీ ఉదహరిస్తారు. మీ లైబ్రరీలో దొరికితే చదువు.

లాగ్ ఇంకో మేలూ చేస్తుంది. చిన్న చేపల మధ్య తేడా ఒకటి రెండు గ్రాములుంటే, పెద్దవాటి మధ్య వంద గ్రాములుండొచ్చు. శాతంలో చూస్తే రెండూ ఒకటే. లాగ్ తీశాక చుక్కలు రేఖ పొడవునా ఒకేలా చెదురుతాయి. చెదరకపోతే లాగ్ జోలికి పోకుండా వంపునే నేరుగా అమర్చుకోవడం మేలు.

ఇక తరుగు. ఒకే పొడవున్న రెండు చేపలున్నాయనుకో: ఒకటి 640 గ్రాములు, రెండోది 1000. లాగ్‌ల సగటు తీసి వెనక్కి మారిస్తే 800 వస్తుంది, అసలు సగటేమో 820. రెండింటి మొత్తంలో 40 గ్రాములు ఎగిరిపోయాయి. నీ రేఖ చెప్పేది ఆ 800 లాంటి గుణ సగటు. అది మామూలు సగటు కన్నా ఎప్పుడూ తక్కువే. కాటాకు లాగ్‌తో పనిలేదు కదా!

దీన్ని దిద్దడం తేలికే. సహజ లాగ్‌తో (ఆధారం పది కాదు, e) రేఖ వేసినప్పుడు వచ్చిన ప్రామాణిక దోషాన్ని, అంటే చుక్కలు రేఖ నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకెను (వాలు దోషం కాదు), వర్గం చేసి, సగం చేసి, దానికి ఎక్స్‌పొనెన్షియల్ తీసి, ప్రతి అంచనానూ దాంతో గుణించు. దోషం 0.3 అయితే ఆ గుణకం 1.046, అంటే నాలుగున్నర శాతం పైచిలుకు. 0.1 అయితే అర శాతమే, పట్టించుకోనక్కర్లేదు. పది ఆధారంగా చేసుంటే ముందు ఆ దోషాన్ని 2.303తో గుణించుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌తో జాగ్రత్త. ఎక్సెల్‌లో లాగ్ అని కొడితే పది ఆధారం, ఆర్ (R) ప్రోగ్రాంలో అదే మాట కొడితే సహజ లాగ్. ఒకదాంట్లో తీసి ఇంకోదాంట్లో వెనక్కి మారిస్తే లెక్క గల్లంతే. వాలు మారదు కాబట్టి అనుమానం కూడా రాదు.

ఇంత చేశాకా లోటు మిగిలితే లెక్కను వదిలి ట్రే చూడు. చేపలను విడిగా తూచేటప్పుడు తుడిచి, మొత్తం తూచేటప్పుడు నీళ్లు ఓడకుండానే కాటా ఎక్కించారేమో కనుక్కో.