అడగండి చెబుతాం: గుండె తెరిచిన లిల్లిహై

ప్రశ్న: అమెరికాలో ఒకప్పుడు తండ్రికీ బిడ్డకూ గొట్టాలతో రక్తం కలిపి గుండె ఆపరేషన్ చేశారట. నిజమేనా? (బ్రాడీపేట, గుంటూరు)

నిజమే. 1954 మార్చి 26న మినసోటా యూనివర్సిటీ ఆస్పత్రిలో వాల్టన్ లిల్లిహై అనే సర్జన్ చేశారు. బిడ్డకు పదమూడు నెలలు. గుండె కింది గదుల మధ్య గోడకు రంధ్రం. దాన్ని కుట్టాలంటే గుండెలోకి రక్తం రాకుండా ఆపాలి. ఆపితే నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతింటుంది. ఒళ్లు చల్లబరిచి చేసే పద్ధతి 1952లోనే వచ్చినా, దాంతో చిక్కే కొద్ది నిమిషాలు పైగదుల రంధ్రానికే సరి.

అందుకని తండ్రినే యంత్రం చేశారు. ఇద్దరినీ పక్కపక్క బల్లల మీద పడుకోబెట్టి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చారు. తండ్రి గజ్జల్లోని ధమని నుంచి మంచి రక్తం బిడ్డకు, బిడ్డ పెద్ద సిరల నుంచి చెడు రక్తం తండ్రి గజ్జల్లోని సిరకు. మధ్యలో పంపు. దాని లోహపు వేళ్లు గొట్టాన్ని వరసగా నొక్కుకుంటూ పోతాయి, రక్తానికి లోహం తగలదు. పంపు దగ్గర కూర్చున్నవాళ్లకు ఒకటే పని: వెళ్లిందెంతో వచ్చిందీ అంతే ఉండాలి. లెక్క తప్పితే ఒకరికి రక్తం చాలదు, ఇంకొకరికి ఎక్కువవుతుంది.

తండ్రి తట్టుకున్నది ఎలాగంటే, ఆ కాసేపూ బిడ్డకు కొద్ది రక్తం చాలు. వేసవిలో మన కృష్ణా కాలువలకు సాగునీరు కట్టేసి, తాగడానికి మాత్రం కాస్త వదులుతారు చూడండి, అదే లెక్క. పెద్ద సిరలు రెండూ బిగించినా, అజైగస్ అనే చిన్న సిర ఒక్కటి పారుతుంటే కుక్కలు అరగంట పైన బతికాయని ఇంగ్లండ్ పరిశోధకులు అప్పటికే చూపించారు. అందులో పారేది కిలో బరువుకు నిమిషానికి 8 నుంచి 14 మిల్లీలీటర్లే, మామూలు ప్రవాహంలో పదోవంతు. లిల్లిహై అంతకు ఎక్కువే పంపారు. తండ్రి గుండెకు అదేమంత బరువు కాదు.

ఆ బిడ్డ పదకొండో రోజున న్యుమోనియాతో పోయాడు. కుట్టు మాత్రం నిలిచింది. మొత్తం 45 మందికి ఇలా చేస్తే 28 మంది ఇంటికెళ్లారు. రక్తం కలిపినవాళ్లలో ఎవరూ చనిపోలేదు గానీ, ఒక తల్లికి సెలైన్ గొట్టం గుండా గాలి ఎక్కి మెదడు దెబ్బతింది. ఆరోగ్యంగా ఉన్న మనిషిని బల్ల ఎక్కించడమే ఈ పద్ధతికున్న పెద్ద లోపం.

ప్రశ్న: మరి గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం ఎప్పుడొచ్చింది? (పటమట, విజయవాడ)

ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ 1953లోనే యంత్రంతో ఒక యువతి గుండె బాగుచేశారు. కానీ అది భారీ యంత్రం, ఆ తర్వాతి కేసులు దక్కక ఆయన వదిలేశారు. 1955లో లిల్లిహై దగ్గర పనిచేసే రిచర్డ్ డివాల్ ప్లాస్టిక్ గొట్టాలతో చవగ్గా కట్టేశారు. నిలువు గొట్టం అడుగున సూదుల్లోంచి ఆక్సిజన్ వదిలితే రక్తంలో బుడగలు లేస్తాయి. చిక్కల్లా నురగతోనే. గోలీసోడా కొట్టినప్పుడు పొంగినట్టు పొంగుతుంది, ఆ బుడగ ఒక్కటి మెదడుకు చేరినా పక్షవాతమే. అందుకే నురగ విరిచే సిలికాన్ పూసిన గదిలోంచి పంపి, ఆపైన చుట్టలు చుట్టిన గొట్టంలోకి దింపారు. బుడగల్లేని రక్తం బరువుగా కిందికి జారుతుంది, బుడగలు పైకి తేలతాయి. అయితే గాలి నేరుగా తగిలే కొద్దీ రక్తకణాలు చితుకుతాయి, గంటలకు గంటలు నడపకూడదు. ఇప్పటి యంత్రాల్లో మధ్యన పొర అడ్డుపెట్టింది అందుకే.

ప్రశ్న: లిల్లిహైకి నోబెల్ వచ్చిందా? (తెనాలి)

రాలేదు. 1955లో, వైద్య పరిశోధనకు అమెరికాలో ఇచ్చే లాస్కర్ అవార్డులో వాటా దక్కింది. 1973లో పన్ను ఎగవేత కేసులో దోషిగా తేలారు. 1999లో పోయారు.

ప్రశ్న: మా పాపకు గుండెలో రంధ్రం మూశాక రొమ్ము కింద రెండు సన్నటి తీగలు వదిలారు. ఎందుకు? (మంగళగిరి)

ఆ రంధ్రం అంచునే గుండెకు కొట్టుకోమని చెప్పే నరంలాంటి కట్ట ఉంటుంది. కుట్టు దాని మీద పడినా, అక్కడ వాచినా గుండె నిదానిస్తుంది. మొదట్లో అలాంటి పిల్లలు దాదాపు దక్కేవారు కాదు. 1957 జనవరి నుంచి లిల్లిహై గుండె కండరంలోకి తీగ గుచ్చి చిన్న కరెంటు ఇవ్వసాగారు. ఆ కరెంటు ఇచ్చే పెట్టె గోడ ప్లగ్గుతో నడిచేది. ఆ అక్టోబర్ 31న ఊళ్లో కరెంటు పోవడంతో, ఎర్ల్ బక్కెన్ అనే ఇంజినీరు చేత బ్యాటరీ పెట్టె చేయించారు. మీ పాప తీగలూ అందుకే. వాపు తగ్గి గుండె సొంతంగా సరిగ్గా కొట్టుకుంటే కొద్ది రోజుల్లో లాగేస్తారు. అందాకా వాటికి తడి తగలనివ్వకండి, ఒళ్లు తుడిచేటప్పుడు లాక్కుపోకుండా టేపు కింద ఉన్నాయో లేదో చూసుకోండి.