కవర్ల మీదున్న రైలు స్టాంపుల్ని కత్తిరించకండి

మీరు మూడు విషయాలు అడిగారు. ఇంట్లో పాత పెట్టెలో దొరికిన కవర్ల మీది రైలు బొమ్మల స్టాంపుల్ని కత్తిరించి నీళ్లలో నానబెట్టి తీయొచ్చా, రైల్వే స్మారక స్టాంపుల సేకరణ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, ముందుముందు వాటికి మంచి ధర వస్తుందా అని. మొదటిదానికి ఇప్పుడే చెప్పేస్తాను, ఆలస్యమైతే మీరు కత్తెర తీసేస్తారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. కత్తిరించకండి. ఒక్కటి కూడా.

ఆ పని నేను చేశాను కాబట్టి చెప్తున్నాను. సేకరణ మొదలుపెట్టిన కొత్తలో స్టాంపు అంటే ఆ చిన్న కాగితం బిళ్ల మాత్రమే అనుకునేదాన్ని. ఆల్బమ్‌లో వరసగా, శుభ్రంగా, వెనక కవరు ముక్క అంటుకోకుండా ఉండాలి, అంతే. తెలిసినవాళ్లొకరు ఇచ్చిన పాత కవర్ల కట్టలో బ్రిటన్ 1975లో విడుదల చేసిన రైల్వే స్టాంపులు కొన్ని ఉన్నాయి. ఒక సాయంత్రం కూర్చుని అన్నీ కత్తిరించి, నీళ్లలో వేసి, తీసి, ఆరబెట్టి, మిగిలిన కవర్లన్నీ పారేశాను. మూడు నాలుగేళ్ల తర్వాత వాటిలో ఒకదాన్ని భూతద్దం కింద పెట్టి చూస్తే మూల మీద పడిన ముద్రలో టి.పి.ఓ. అన్న అక్షరాలు కనిపించాయి. మిగతా ముద్రంతా కవరు మీద ఉండిపోయింది, ఆ కవరు ఎప్పుడో చెత్తలో కలిసిపోయింది. టి.పి.ఓ. అంటే ట్రావెలింగ్ పోస్టాఫీస్, పరిగెత్తే రైల్లో ఉండే పోస్టాఫీసు. రైలు బొమ్మ ఉన్న స్టాంపు అంటించుకుని, రైల్లోనే ముద్ర వేయించుకుని వెళ్లిన కవరన్న మాట అది. ఏ రైలు, ఏ తేదీ, ఎటు పోతోంది అన్నది ఇక నాకెప్పటికీ తెలియదు. ఆ స్టాంపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఈ రైలు పోస్టాఫీసు సంగతి తెలిస్తే మీ కవర్లను మీరు వేరేగా చూస్తారు. 1838 జనవరిలో బ్రిటన్‌లోని గ్రాండ్ జంక్షన్ రైల్వే మీద, బర్మింగ్‌హామ్ వారింగ్టన్ మధ్య, గుర్రాలను తీసుకెళ్లే పెట్టె ఒకదాన్ని మార్చి అందులో ఉత్తరాలు వేరుచేయడం మొదలుపెట్టారు. ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ల పెన్నీ బ్లాక్ వచ్చింది 1840 మేలో. అంటే స్టాంపు పుట్టకముందే ఉత్తరాలు రైలెక్కేశాయి! తర్వాత రైలు ఆగకుండానే పట్టాల పక్కన వేలాడదీసిన సంచుల్ని వలతో అందుకునే ఏర్పాట్లు వచ్చాయి, పెట్టెలో నిలబడి రాత్రంతా ఉత్తరాలు గూళ్లలో సర్దే ఉద్యోగులు వచ్చారు, ఒక్కో మార్గానికి ఒక్కో ముద్ర వచ్చింది. ఇండియాలో ఆర్.ఎం.ఎస్. అని మనం పిలిచేది కూడా రైల్వే మెయిల్ సర్వీసే. అమెరికాలో ఇలాంటి చివరి రైలు పోస్టాఫీసు 1977లో ఆగిపోయింది, బ్రిటన్‌లో 2004 జనవరిలో. కాబట్టి మీ పెట్టెలో ఉన్న పాత కవర్లలో ఒకటో రెండో రైల్లో ముద్ర పడినవి ఉండే అవకాశం బాగానే ఉంది. ముద్ర ముందు వైపే ఉండాలని లేదు, కవరు వెనక కూడా చూడండి. దారిలో చేతులు మారినప్పుడు, చివరికి చేరినప్పుడు వేసిన ముద్రలు చాలాసార్లు అక్కడే ఉంటాయి.

ఇక రెండో ప్రశ్న. స్మారక స్టాంపుకీ రైలుకీ సంబంధం నిన్నా మొన్నటిది కాదు. ప్రపంచంలో మొదటి స్మారక స్టాంపు ఏది అంటే చాలామంది సేకర్తలు చెప్పేది పెరూ దేశం 1871లో వేసిన ఎర్రటి 5 సెంటావోల బిళ్ల. లీమా, కయావో మధ్య రైలు మొదలై ఇరవై ఏళ్లయిన సందర్భంగా వేశారు, దాని మీద చిన్న రైలింజన్, చుట్టూ ఊళ్ల పేర్లు. స్పానిష్‌లో దాన్ని ముద్దుగా 'ట్రెన్‌సీతో' అంటారు, చిట్టి రైలు అని. స్మారకం అన్న మాట పక్కన పెడితే రైలు బొమ్మ అంతకుముందే వచ్చింది. 1860లో న్యూ బ్రన్స్‌విక్, అది ఇప్పుడు కెనడాలో భాగం, ఒక సెంటు స్టాంపు మీద ఇంజన్ వేసింది. ఆ సెట్‌లోనే ఇంకో గొడవ జరిగింది: 5 సెంట్ల స్టాంపు మీద అక్కడి పోస్ట్‌మాస్టర్ జనరల్ చార్లెస్ కాన్నెల్ ఏకంగా తన బొమ్మే వేయించుకున్నాడు, అల్లరై పదవికి రాజీనామా చేయాల్సి వచ్చింది, స్టాంపు బయటికి రాకుండా ఆపేశారు. ఇంజన్ బొమ్మ మాత్రం నిక్షేపంగా చలామణీ అయింది.

వీటితో మొదలుపెట్టమని చెప్పడం లేదు. పాతవి, ఖరీదైనవి, నకిలీలు కూడా ఉంటాయి. నా సలహా ఏమిటంటే దేశాల వారీగా కాకుండా ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లండి. ఉదాహరణకు రైలు వేగం. జర్మనీ 1935లో రైల్వే వందేళ్ల సందర్భంగా నాలుగు స్టాంపులు వేసింది, ఒకదాని మీద మొదటి ఇంజన్ 'ఆడ్లర్', ఇంకోదాని మీద అప్పట్లో అతివేగంగా నడిచిన 'ఫ్లయింగ్ హాంబర్గర్' డీజిల్ రైలు. జపాన్ 1964 అక్టోబర్ 1న షింకాన్‌సెన్ అనే అతివేగ రైలు ప్రారంభమైన రోజే దాని స్టాంపు విడుదల చేసింది. బ్రిటన్ 1975 సెట్‌లో 1825 నాటి 'లోకోమోషన్' ఇంజన్ నుంచి అప్పుడే రాబోతున్న హైస్పీడ్ ట్రైన్ దాకా నాలుగే స్టాంపుల్లో నూట యాభై ఏళ్లు పరిగెత్తిస్తారు. ఈ మూడు దేశాలవి ఒక పేజీలో పక్కపక్కన పెట్టి చూడండి, వందల స్టాంపులున్న ఆల్బమ్ కంటే ఆ ఒక్క పేజీ ఎక్కువ మాట్లాడుతుంది. వేగం మీకు నచ్చకపోతే వంతెనలు, స్టేషన్లు, కొండ రైళ్లు, ఏదైనా సరే. కానీ మీదంటూ ఒక దారి ఉండాలి.

కొత్తవాళ్లకు నేను మొదట చూపించేది మాత్రం బ్రిటన్ 1980లో లివర్‌పూల్ మాంచెస్టర్ రైల్వే 150 ఏళ్లకు వేసిన అయిదు స్టాంపుల వరస. డేవిడ్ జెంటిల్‌మన్ గీశారు. అయిదూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఎడమ నుంచి కుడికి చూస్తే మొత్తం ఒకే రైలు. ముందు 'రాకెట్' ఇంజన్, తర్వాత మొదటి తరగతి, రెండో తరగతి పెట్టెలు, ఆ వెనక పైకప్పు లేని మూడో తరగతి పెట్టె, పశువుల పెట్టె, అలా చివరికి సరుకుల బండి, ఉత్తరాల పెట్టె. డబ్బున్నవాళ్లు నీడలో, లేనివాళ్లు ఎండలో వానలో ప్రయాణం చేసిన కాలమంతా ఆ కాస్త కాగితం మీద ఉంది. ఇలా జంటలుగా, వరసలుగా కలిసి అచ్చయిన స్టాంపుల్ని సె-టెనెంట్ అంటారు. వీటిని ఎప్పుడూ విడదీయకండి, చింపితే రైలు తెగిపోతుంది.

స్టాంపును చదవడం నాకు నేర్పింది ఉత్తరాల ద్వారా పరిచయమైన ఒక పెద్దాయన. నేను కొత్తగా తెచ్చుకున్న స్టాంపు గురించి సంబరంగా రాస్తే ఆయన జవాబులో ఒకటే ప్రశ్న ఉండేది: "చక్రాలు లెక్కపెట్టావా అమ్మా?" ఆవిరి ఇంజన్ల రకాన్ని చక్రాలతోనే చెప్తారు. ముందుండే చిన్న చక్రాలు, మధ్యలో ఇంజన్‌ను నడిపించే పెద్ద చక్రాలు, వెనక చిన్నవి, ఈ మూడింటి లెక్క. బొమ్మలో ఒక పక్కే కనిపిస్తుంది కాబట్టి రెట్టింపు చేసుకోవాలి. 'రాకెట్' 0-2-2. 1975 బ్రిటన్ సెట్‌లోని 'కార్‌ఫిల్లీ కాజిల్' 4-6-0. ఇండియా 1976లో వేసిన నాలుగు ఇంజన్ల సెట్‌లో ఉన్న డబ్ల్యూ.పి. ఇంజన్ 4-6-2. ఇది అలవాటైతే బొమ్మ గీసినవాళ్లు నిజంగా ఇంజన్‌ను చూసి గీశారా, ఊహించి గీశారా అన్నది మీకే తెలిసిపోతుంది. నాకు ఇందులో ఉన్నంత ఆనందం ఇంకెందులోనూ లేదు.

అచ్చుతప్పుల గురించి కూడా ఎప్పుడో ఒకప్పుడు వింటారు. 1901లో అమెరికా వేసిన పాన్-అమెరికన్ ప్రదర్శన స్టాంపుల్లో 2 సెంట్లదాని మీద ఎంపైర్ స్టేట్ ఎక్స్‌ప్రెస్ అనే రైలు ఉంటుంది. చుట్టూ అంచు ఎరుపులో ఒకసారి, మధ్యలో రైలు నలుపులో ఇంకోసారి అచ్చువేశారు. రెండోసారి కాగితం తిరగబడి వెళ్లిన వాటిలో రైలు తలకిందులుగా కనిపిస్తుంది. అవి దొరకడం చాలా అరుదు, మనం కొనేవి కావు, కానీ రెండు రంగుల అచ్చు ఎలా జరిగేదో ఆ తప్పు వల్లే నాకు అర్థమైంది. అచ్చుతప్పు కాకపోయినా మీరు వినే ఇంకో కథ నికరాగువా 1900లో వేసిన స్టాంపుది. ముందు రైల్వే రేవు, వెనక మొమొటోంబో అగ్నిపర్వతం. 1902లో రెండు సముద్రాల్ని కలిపే ఓడల కాలువ నికరాగువా గుండా తవ్వాలా పనామా గుండానా అని అమెరికా సెనేట్ తర్జనభర్జన పడుతుంటే, పనామా పక్షాన పనిచేస్తున్న బునో-వరియా అనే ఇంజనీరు ఈ స్టాంపులు సంపాదించి సెనేటర్లందరికీ ఒక్కొక్కటి పంపాడు, అగ్నిపర్వతాలున్న చోట కాలువ తవ్వుతారా అన్నట్టు. సెనేట్ పనామాకే ఓటు వేసింది. కారణాలు ఇంకా ఉన్నాయి, అయినా ఆ బిళ్ల తన పని తాను చేసింది.

ధర సంగతి. ఇక్కడ మీకు నచ్చని మాటే చెప్పాలి. లాభం కోసమైతే ఈ దారిలోకి రావద్దు. 1970ల తర్వాత వచ్చిన రైలు స్టాంపులు సేకర్తలు కొంటారనే లెక్కతోనే పెద్ద సంఖ్యలో అచ్చయ్యాయి. 1980ల్లో టువాలు అనే దేశం పేరుతో ఎన్నో ఇంజన్ల సెట్లు వచ్చాయి, జంటలో ఒకదాని మీద ఇంజన్ నమూనా గీతలు, రెండోదాని మీద అదే ఇంజన్ పరిగెత్తుతున్న బొమ్మ. చూడ్డానికి చక్కగా ఉంటాయి, ఇంజన్ల గురించి నేర్చుకోవడానికి పనికొస్తాయి కూడా. కానీ టువాలులో రైలే లేదు, పసిఫిక్ సముద్రంలో చిన్న చిన్న దీవులు. నేను మొదట్లో ఇలాంటివే గుట్టలుగా కొన్నాను, తర్వాత వాటిని ఎవరికైనా ఉచితంగా ఇద్దామన్నా తీసుకునేవాళ్లు తక్కువ. అలాగే ముద్ర చక్కగా ఒక మూలకే పడి, వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉన్న స్టాంపులు కనిపిస్తాయి. అవి ఏ ఉత్తరం మీదా వెళ్లలేదు, సేకర్తలకు అమ్మడానికే కట్టలుగా ముద్ర వేసినవి. బొమ్మ నచ్చితే కొనుక్కోండి, వాడిన స్టాంపు అనుకుని మాత్రం కాదు. నిజంగా ప్రయాణం చేసిన కవర్ల మీదే నాకు గౌరవం.

దాచడం గురించి క్లుప్తంగా: వేళ్లతో పట్టుకోకండి, స్టాంపుల ట్వీజర్లు వాడండి. పి.వి.సి. ప్లాస్టిక్ కవర్లలో పెడితే కాలక్రమంలో కాగితం, రంగు పాడవుతాయి. తేమ తగలనివ్వకండి. విడిగా కవరు ముక్కల మీద దొరికిన మామూలు స్టాంపుల్ని నానబెట్టుకోవచ్చు, కానీ రంగు కవరు ముక్క ఉంటే అది విడిగా వేయండి, లేకపోతే ఆ రంగు అన్నింటికీ అంటుకుంటుంది. ఈమధ్య వచ్చే స్టిక్కర్ రకం చాలావరకు నీళ్లకు ఊడదు, వాటి చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరించి అలాగే ఉంచుకోవడం మేలు.

మీ పెట్టెలోని కవర్లకు ఇవాళ చేయాల్సింది ఒకటే. ఒక్కోదానికి ముందు వైపు, వెనక వైపు ఫొటో తీయండి, ముద్ర మీది తేదీ రాసుకోండి, స్టాంపు విడుదల తేదీతో పోల్చండి. రెండూ ఒకటే అయితే అది విడుదల రోజునే పోస్టు చేసిన కవరు, దాన్ని వేరుగా పెట్టండి. ముద్రలో అక్షరాలు సరిగ్గా తెలియకపోతే దీపాన్ని పక్కనుంచి వాల్చి పెట్టి ఇంకో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. చిరునామాలు కనిపించకుండా మూసేయండి, ముద్రలు నేను చదివి పెడతాను.