బొమ్మలు కొనే అకౌంటు, అమ్మే అకౌంటు: అల్లుడికి ఒక ఉత్తరం

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

షాపింగ్ సైటులో తగ్గింపు ధరకు బొమ్మలు కొని తిరిగి అమ్ముతున్నావు కదా, ఆ సైటు నుంచి వచ్చాయని నువ్వు పంపిన మూడు స్క్రీన్‌షాట్లూ చూశాను. మొదటిదాంట్లో ఆర్డర్ క్యాన్సిల్, రెండోదాంట్లో ‘ఒకరికి రెండే’ అన్న మాట, మూడోదాంట్లో నీ అకౌంట్‌ను పరిశీలిస్తున్నామన్న మెయిల్. ఈ మూడూ ఇలా వరసగా వచ్చాయంటే తర్వాత వచ్చేది అకౌంట్ మూసేయడమే. కాబట్టి ముందు ఒక పని చెయ్యి, మిగతా ఉత్తరం తర్వాత చదువుదువుగాని. ఇంకొక్క ఆర్డర్ కూడా పెట్టొద్దు. మీ అమ్మ ఫోన్లోంచి, తమ్ముడి ఫోన్లోంచి అసలే వద్దు.

‘ఒకరికి రెండు’ అని రాసినప్పుడు ఆ ఒకరు ఎవరన్న దగ్గరే అందరూ పొరపాటు పడతారు. లాగిన్ మారితే మనిషి మారినట్టే అనుకుంటారు. సైటు లాగిన్ ఒక్కటే చూడదు. డెలివరీ చిరునామా, ఫోన్ నంబరు, కార్డు, యూపీఐ ఐడీ, ఆర్డర్ పెట్టిన ఫోను, ఇంటి వైఫై, వీటిలో కొన్ని కలిస్తే ఆ అకౌంట్లన్నిటినీ ఒక ముడి వేసేయొచ్చు. మీ కట్టమంచి ఇంటి డోర్ నంబరును ఒకసారి గీత పెట్టి, ఒకసారి అడ్డగీత పెట్టి, ఇంకోసారి ‘పైఅంతస్తు’ అని, మరోసారి ‘చెరువు దగ్గర’ అని మార్చి రాశావు చూడు, అది మనిషికి నాలుగు చిరునామాల్లా కనపడుతుందేమోగానీ పిన్‌కోడు, వీధి, మ్యాప్‌లో చుక్క ఒకటే అయినప్పుడు కంప్యూటర్‌కు ఒకటే ఇల్లు. పైగా ఒకే బొమ్మను రెండేసి చొప్పున ఏడుసార్లు కొంటే అది పద్నాలుగు కిందే లెక్క. పరిమితి ఒక్క ఆర్డర్‌కే కాదు, కొన్ని రోజుల గడువుకూ ఉంటుంది. చిరునామా అటూ ఇటూ మార్చి రాయడం మామూలుగా ఎక్కువ కొన్నదానికంటే పెద్ద తప్పు. ఎక్కువ కొంటే ఆర్డర్ క్యాన్సిల్ చేస్తారు. దాచిపెట్టి కొన్నావని తేలితే అకౌంటే తీసేస్తారు.

వాళ్లు ఎందుకింత పట్టుబడతారో కూడా తెలుసుకో, కోపం తగ్గుతుంది. 999 రూపాయల బొమ్మను 649కి ఇస్తున్నారంటే ఆ తేడాలో కొంత బొమ్మల కంపెనీ ఇల్లిల్లూ తిరిగి ప్రచారం చేసుకోవడానికి పెట్టిన ఖర్చు. ఆ డబ్బు నలభై ఇళ్లకు చేరాలని వాళ్లు అనుకుంటే, నలభై పెట్టెలూ ఒక్క ఇంటికి పోతే ఆ ప్రచారం వృథా. అమెజాన్ ప్రైమ్ నిబంధనల్లో తిరిగి అమ్మడానికి ప్రైమ్ సౌకర్యాలతో కొనకూడదని సూటిగా రాసి ఉంది. లెగో కంపెనీ తన సొంత సైట్లో ఒక సెట్టు ఎన్ని కొనొచ్చో ఆ బొమ్మ పేజీలోనే పెడుతుంది. అమెరికాలో 2021 మే నెలలో టార్గెట్ అనే పెద్ద గొలుసు దుకాణం, పిల్లలూ పెద్దలూ సేకరించే పోకెమాన్, క్రీడాకారుల కార్డుల దగ్గర కొట్లాటలు మొదలయ్యాయని కొన్నాళ్లు వాటిని షాపుల్లో అమ్మడమే ఆపేసింది. కొరత ఉన్న సరుకు మీద జనం ఎగబడితే దుకాణం తన తలుపు తాను కాపాడుకుంటుంది.

ఇప్పుడు నీకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. నువ్వు చూస్తున్న వీడియోల్లో అమెరికా వాళ్లు ఇరవై డాలర్ల బొమ్మను అరవైకి అమ్ముతారు. ఆ లెక్క మన దగ్గర నడవదు. లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, 2011 ప్రకారం ప్యాక్ చేసిన సరుకును ముద్రించిన ఎంఆర్‌పీ దాటి ఎవరూ అమ్మకూడదు. తయారీదారైనా, దిగుమతిదారైనా, చిల్లర వ్యాపారి అయినా అంతే. ఎంఆర్‌పీ మీద స్టిక్కరు అంటించి ధర పెంచడం ఇంకో నేరం. అంటే నీ లాభం ఎప్పుడూ కొన్న ధరకూ ఎంఆర్‌పీకీ మధ్యనే ఉండాలి. ఆ సన్నటి సందులో వచ్చే నూరూ నూటేభై కోసం అకౌంట్ పోగొట్టుకోవడం నాకు సబబుగా కనపడలేదు.

ఆ నూరూ నూటేభై కూడా ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూపిస్తాను. రిమోట్ కారు ఎంఆర్‌పీ 999. నువ్వు ఇంటి అకౌంట్లో 649కి కొన్నావు, 899కి అమ్మావు. తేడా 250. ఎలక్ట్రానిక్ బొమ్మకు జీఎస్‌టీ 18 శాతం, కాబట్టి 899లో 137 రూపాయలు పన్ను. నువ్వు కొన్న బిల్లులో జీఎస్‌టీ నంబరు లేదు గనక అప్పుడు కట్టిన 99 రూపాయల పన్ను నీకు వెనక్కి రాదు. 250లోంచి 137 పోతే 113. అందులోంచి సైటు కమీషను, కొరియరు, పెట్టె, టేపు పోవాలి. ఒక్కటి రిటర్న్ వచ్చిందంటే మూడు కార్ల లాభం ఎగిరిపోతుంది. అదే కారును అదే ధరకు జీఎస్‌టీ నంబరున్న బిల్లుతో కొంటే ఆ 99 సర్దుబాటై, కట్టాల్సిన పన్ను 38కి దిగుతుంది. చేతిలో 212 ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాని బొమ్మలకు 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 5 శాతమే, అక్కడ తేడా ఇంత ఉండదు. కానీ నువ్వు కొనేవాటిలో ఎక్కువ రిమోట్ కార్లూ, లైట్ల తుపాకులూనే కదా.

కాబట్టి ఇంటి అకౌంటు వేరు, వ్యాపారం వేరు చేసుకో. జీఎస్‌టీ నంబరు తీసుకుని అమెజాన్ బిజినెస్, ఫ్లిప్‌కార్ట్ హోల్‌సేల్ లాంటి చోట వ్యాపారిగానే చేరు. అక్కడ పెద్ద పరిమాణాలకు వేరే ధర ఉంటుంది. బ్యాంకు కార్డు తగ్గింపులు చాలావరకు ఉండవు, అది ఒప్పుకో. అంతకంటే మంచిది డిస్ట్రిబ్యూటర్. నీకు చిత్తూరు నుంచి చెన్నై ప్యారీస్ కార్నర్ హోల్‌సేల్ బజారు పొద్దున పోయి సాయంత్రానికి వచ్చే దూరం. మొదటిసారి మూడు నాలుగు రకాలు, రకానికి ఒక పెట్టె చొప్పున పక్కా బిల్లుతో తెచ్చుకో. బిల్లు మీద నీ పేరు, జీఎస్‌టీ నంబరు, మోడల్ నంబరు, ఎన్ని అన్నది విడివిడిగా ఉండాలి. ‘టాయ్స్ ఒక లాట్’ అని రాసిచ్చే బిల్లు ఎందుకూ పనికిరాదు.

అక్కడ ఒక జాగ్రత్త. 2021 జనవరి 1 నుంచి బొమ్మల మీద ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు ఉంటే చాలదు, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఫోన్లో ఆ గుర్తు ఇచ్చే సంస్థ యాప్, బీఐఎస్ కేర్ తెరిచి ఆ నంబరు కొట్టు. కంపెనీ పేరు, లైసెన్సు బతికి ఉందో లేదో వస్తుంది. పెట్టె మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో పేరు వస్తే ఆ సరుకు ముట్టుకోవద్దు. గుర్తు లేని బొమ్మ అమ్మడమే కాదు, అమ్మకానికి నిలవ పెట్టడమూ నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా 2 లక్షలకు తగ్గదు. గంగమ్మ జాతరకు అంగడి పెడదామని అంటున్నావు గదా, ఇరవై ముప్పై రూపాయల ప్లాస్టిక్ సరుకులోనే ఈ గుర్తు లేనివి ఎక్కువ కలిసి వస్తాయి. ఫలానా ఊరి సరుకని ఇచ్చే జీఐ గుర్తింపు ఉన్న ఏటికొప్పాక, కొండపల్లి, చన్నపట్న బొమ్మలకూ, హస్తకళల శాఖలో నమోదైన కళాకారులు చేసినవాటికీ ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. దసరా కొలువుల ముందు వాటికి మన వైపు గిరాకీ బాగా ఉంటుంది, ఏ సైటు లిమిటూ అడ్డం రాదు. నా మాట విని ఈ ఏడు వాటి మీద కొంచెం డబ్బు పెట్టు.

హాట్ వీల్స్ చిన్న బొమ్మ కార్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నీ రిటర్న్‌ల లిస్టులో సగం అవే. ఆన్‌లైన్లో పది కార్లు తెప్పించి, అరుదుగా దొరికే సూపర్ ట్రెజర్ హంట్ కారు వచ్చిందా అని చూసి, మిగతావి వెనక్కి పంపావు. రబ్బరు టైర్లు, లోతుగా మెరిసే రంగు, కారు మీద చిన్నగా టీహెచ్ అక్షరాలు, కారు వెనకాల అట్ట మీద బంగారు రంగు మంట గుర్తు వెతకడం తప్పేం కాదు. వాటిని వెతికే పద్ధతి తప్పు. రిటర్న్ శాతం ఒక్కసారి ఎక్కితే తర్వాత నువ్వు నిజంగా పగిలిన బొమ్మ వెనక్కి పంపినా నమ్మరు. పైగా సేకరించేవాళ్లకు అట్ట మూలలు నలగకూడదు, కారు మీది పారదర్శకపు ప్లాస్టిక్ మూత పగలకూడదు. కొరియర్ సంచిలో వచ్చేవాటికి ఆ హామీ లేదు. అవి దుకాణానికి వెళ్లి, కొక్కేనికి వేలాడుతున్నప్పుడే కళ్లతో చూసి కొనాల్సిన సరుకు. పొద్దున షట్టర్ ఎత్తగానే పోయి అట్టలన్నీ కెలకొద్దు. సరుకు దిగే రోజు యజమానిని అడుగు, ఎన్ని తీసుకోవచ్చో అడుగు, పిల్లలకు కొన్ని కొక్కేనికి ఉంచేసి రా. అలా చేస్తే ఆ అంగడి తలుపు నీకెప్పుడూ మూసుకోదు.

ఇంకా అకౌంట్‌ను దెబ్బతీసేవి: క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి వద్దని తిప్పి పంపడం, వేరేవాళ్ల కార్డుతో కొనిపెట్టడం, నీ అకౌంట్ కమీషన్‌కు ఇంకొకరికి ఇవ్వడం, ఆటోమేటిగ్గా ఆర్డర్ పెట్టే ప్రోగ్రాంలు. వీటి మీద ఎక్కువ చెప్పను, ఏదీ చెయ్యొద్దు అంతే. క్యాష్ ఆన్ డెలివరీ ఆప్షన్ మాయమైతే అది మొదటి హెచ్చరిక అని గుర్తుపెట్టుకో.

అమ్మే వైపు కూడా ఇదే తీగ తగులుతుంది. నువ్వు అమ్మే సైటు ఏదో ఒకరోజు ‘ఈ బ్రాండు సరుకు ఎక్కడ కొన్నావు, బిల్లు చూపించు’ అంటుంది. అప్పుడు ఇంకో సైటులో కొన్న చిల్లర బిల్లు పెడితే ఒప్పుకోరు, డిస్ట్రిబ్యూటర్ బిల్లే కావాలి. కస్టమర్ ఆర్డర్ పెట్టాక వేరే సైటులో కొని నేరుగా ఆ ఇంటికే పంపడం మరీ ప్రమాదం. పెట్టె మీద వేరే కంపెనీ పేరు, లోపల వేరే ధరతో బిల్లు చూసి కస్టమర్ ఫిర్యాదు చేస్తే అమ్మకాల అకౌంటూ పోతుంది, అప్పటిదాకా రావాల్సిన డబ్బూ ఆగుతుంది.

ఇప్పుడు నీ మెయిల్‌కు జవాబు. పుట్టినరోజు విందుకు రిటర్న్ గిఫ్టులు కొన్నానని రాయొద్దు. వాళ్ల దగ్గర తేదీలున్నాయి. ఈ మాదిరిగా రాయి:

‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఒకే బొమ్మకు ఏడు ఆర్డర్లు పెట్టాను. అందులో కొన్ని తిరిగి అమ్మడానికి కొన్నవి. నిబంధన అప్పుడు చదవలేదు, ఇప్పుడు చదివాను. ఇకపై ఈ అకౌంట్‌తో ఇంటి అవసరాలకే కొంటాను. వ్యాపారానికి జీఎస్‌టీ నంబరుతో వేరే బిజినెస్ అకౌంట్ తీసుకుంటున్నాను. ఇదే చిరునామాలో మా అమ్మగారికి, తమ్ముడికి అకౌంట్లున్నాయి. వాటి వివరాలు కింద ఇస్తున్నాను.’

అంతే. ఒక్క మెయిల్, దానికి అడిగిన కాగితాలు. రోజుకు మూడు మెయిళ్లు పంపితే వరస వెనక్కి పోవచ్చు. జవాబు వచ్చేదాకా కొత్త అకౌంట్ తెరవొద్దు, తెరిస్తే అదీ ముడిలో పడుతుంది, ఈ మెయిల్లో రాసిన మాటా అబద్ధమవుతుంది. వినకపోతే సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి.

వినియోగదారుల కమిషన్‌కు పోతానన్నావు. తిరిగి అమ్మడానికి కొన్నవాడు 2019 చట్టం ప్రకారం వినియోగదారుడు కాడు, ఆ బొమ్మల విషయంలో నీ ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది. కానీ అదే అకౌంట్లో మీ అమ్మకు కొన్న మిక్సీ, ఇంట్లో ఫ్రిజ్, వాటి వారంటీ, ఇంకా రావాల్సిన రిఫండు ఉన్నాయి చూడు, వాటికి నువ్వు పూర్తి వినియోగదారుడివే. అవి ఆపితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యి.

అకౌంట్ మూతపడితే పాత బిల్లులు కనపడవు. అందుకని ఈ రాత్రే కూర్చుని ఆర్డర్ల పేజీ తెరిచి, ఫ్రిజ్ బిల్లుతో మొదలుపెట్టి ప్రతి ఇన్‌వాయిసూ డౌన్‌లోడ్ చెయ్యి. వ్యాలెట్‌లో ఎంత ఉందో, ఏ రిఫండు రావాలో స్క్రీన్‌షాట్ తీసుకో. మెయిల్ మాత్రం రేపు పొద్దున నాకు పంపి, నేను చూశాక పంపుదువు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మామ